రక్త పరీక్షల్లో కొత్త విధానం: ఆరోగ్య కేంద్రంలో మారవలసిన పని

మంచిర్యాల జిల్లా కాసిపేట గనులలో పనిచేసే సింగరేణి కార్మికునికి, అతని కుటుంబానికి సంస్థ ఆసుపత్రులలో వైద్యం లభిస్తుంది. గనిలో ఉద్యోగం లేని వ్యవసాయ కూలీకి, గిరిజన కుటుంబానికి ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే ప్రధాన ఆధారం. వైద్యుడు వ్రాసిన రక్త పరీక్షకై పట్టణంలోని ప్రయివేటు లేబొరేటరీకి వెళ్ళవలసివస్తే, రుసుముతోపాటు ఒక దినపు కూలి కూడా పోతుంది. పరీక్ష చేయించుకోకుండానే ఇంటికి మరలేవారు అందుకే ఉంటారు.

ఈ భారాన్ని తగ్గించుటకు తెలంగాణ ప్రభుత్వం 2018లో హైదరాబాద్ నారాయణగూడలో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్ర లేబొరేటరీని నెలకొల్పింది. 2021 జూన్‌లో 19 జిల్లా కేంద్రాలలో ఇటువంటి లేబొరేటరీలను ప్రారంభించింది. ఉచిత పరీక్షల రకాలను 2023 జూలైలో 134కు పెంచారు. ఈ విధానంలో రోగి ప్రయాణించనవసరం లేదు. ఆరోగ్య కేంద్రంలో సేకరించిన నమూనాకు బార్‌కోడ్ అంటించి, శీతల పెట్టెలో వాహనంపై లేబొరేటరీకి పంపుతారు. ఫలితం కంప్యూటర్ ద్వారా వైద్యునికి, ఫోన్ సందేశం ద్వారా రోగికి చేరుతుంది.

యంత్రాలన్నీ జిల్లా కేంద్రంలో ఉన్నా, పరీక్ష కచ్చితత్వం మాత్రం చాలావరకు గ్రామంలోనే నిర్ణయమవుతుంది. సేకరించిన రక్తంలోని కణాలు చక్కెరను వినియోగించుకుంటూనే ఉంటాయి. సాధారణ గొట్టంలో గంటల తరబడి ఉంచితే మధుమేహ రోగి చక్కెర సైతం తక్కువగా కనిపించవచ్చు. అందుకే ఈ పరీక్షకు ఫ్లోరైడ్ కలిపిన బూడిదరంగు మూత గొట్టాన్ని వాడతారు. పొటాషియం విషయంలో దీనికి విరుద్ధం: సీరంను సకాలంలో వేరుచేయకున్నా, కుదుపులకు కణాలు చిట్లినా అది లేనంత ఎక్కువగా నమోదవుతుంది. ఎంత ఖరీదైన యంత్రమైనా ఈ లోపాన్ని సరిదిద్దలేదు. కనుక వాహనం వచ్చే వేళను బట్టి నమూనాల సేకరణ వేళను సర్దుకోవలసి ఉంటుంది. ఉదయం ఓపీ రద్దీలో ఇది అంత సులభం కాదు.

సిబ్బందికి మరొక చిక్కు రెండింతల వ్రాత పని. రిజిస్టరులోను, కంప్యూటర్‌లోను అవే వివరాలు నింపవలసివస్తే కొత్త పద్ధతిపై విముఖత కలగడం సహజం. దానిని నిర్లక్ష్యమనుట సమంజసం కాదు.

రోగి ఫోన్ నంబరు నమోదు చిన్న పనిగా తోచవచ్చు. సొంత ఫోన్ లేని వృద్ధురాలు దూరాన పనిచేసే కుమారుని నంబరు ఇస్తే, సందేశం అతనికే అందుతుంది. అటువంటి రోగుల నివేదికను ముద్రించి ఆశా కార్యకర్త ద్వారా ఇంటికి పంపవలసి ఉంటుంది.