ప్లాస్టిక్ చెత్త నుంచి హైడ్రోజన్: చిన్న కంపెనీలో మన డబ్బు పెట్టొచ్చా? స్పెక్స్ షీట్ ఏం చెప్తోంది, అసలు పర్ఫార్మెన్స్ ఎంత?

ఒక వైపు నుంచి చిరిగిన ప్లాస్టిక్ కవర్లు పోస్తారు. ఇంకో వైపు నుంచి హైడ్రోజన్ వస్తుంది. ఆ హైడ్రోజన్‌తో బస్సు నడుస్తుంది, పొగ గొట్టంలోంచి నీటి ఆవిరి తప్ప ఇంకేమీ రాదు. వీడియో చూస్తే ఎవరికైనా "అబ్బా, ఇందులో ఓ లక్ష పెడితే పోలా" అనిపిస్తుంది. అందులోనూ తిరుపతి, చిత్తూరు వైపు వాళ్లకు ఇది ఇంకా దగ్గరి విషయం. కొండ మీద ప్లాస్టిక్ వద్దని టీటీడీ 2022 జూన్ 1 నుంచి పూర్తి నిషేధం పెట్టింది, అలిపిరి దగ్గరే చెక్ చేసి ఆపేస్తున్నారు. మరి కొండ కింద పోగయ్యే ప్లాస్టిక్ సంగతేంటి? దాన్నుంచి డబ్బులొస్తాయని ఎవరైనా చెప్తే చెవులు నిక్కబొడుచుకోవడం మామూలే.

ఫోన్ రివ్యూ చేసేటప్పుడు 200 మెగాపిక్సెల్ అని బాక్స్ మీద రాసుంటే మనం నమ్మేయం కదా, రాత్రిపూట ఫోటో తీసి చూస్తాం. ఇక్కడా అదే పని చేద్దాం.

టెక్నాలజీ నిజమేనా?

నిజమే. ఇందులో మాయ ఏమీ లేదు. పాల కవర్లు, క్యారీ బ్యాగుల్లో ఉండే పాలిథిన్ బరువులో దాదాపు 14 శాతం హైడ్రోజనే. దాన్ని గాలి సరిగా అందకుండా బాగా వేడి చేసి, ఆవిరి కలిపితే ప్లాస్టిక్ విడిపోయి గ్యాస్ అవుతుంది. దీన్నే గ్యాసిఫికేషన్ అంటారు. ఆవిరిలోని నీళ్ల నుంచి కూడా హైడ్రోజన్ వస్తుంది కాబట్టి, లెక్క ప్రకారం కిలో పాలిథిన్ నుంచి 430 గ్రాముల దాకా రావాలి. ఇది కాగితం మీద మాట. ఈ రంగంలో బాగా పేరు వినిపించిన బ్రిటన్ కంపెనీ పవర్‌హౌస్ ఎనర్జీ తన ప్లాంట్ గురించి చెప్పుకున్నది రోజుకు 25 టన్నుల ప్లాస్టిక్‌కు 2 టన్నుల హైడ్రోజన్. అంటే కిలోకి 80 గ్రాములు. మిగతా శక్తిలో కొంత కరెంటుగా మారుతుంది, కొంత ఆ ప్లాంటే తినేస్తుంది.

80 గ్రాములంటే తక్కువనుకోకండి. కిలో హైడ్రోజన్‌లో 33 యూనిట్ల శక్తి ఉంటుంది. 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీ పట్టేది 19 వాట్ అవర్లే. అలా చూస్తే 80 గ్రాముల్లో దాదాపు 138 ఫుల్ ఛార్జింగులకు సరిపడా శక్తి ఉంది. ఫ్యూయల్ సెల్ గుండా కరెంటుగా మార్చేసరికి సగం పోతుంది, అయినా 70 ఛార్జింగులు మిగులుతాయి. కిలో చెత్తకి పర్లేదు కదా!

జపాన్‌లో 2003 నుంచే నడుస్తోంది

జపాన్‌లోని కవాసాకిలో షోవా డెంకో అనే కంపెనీ (2023 నుంచి పేరు రెజొనాక్) రోజుకు 195 టన్నుల ప్లాస్టిక్ తీసుకునే ప్లాంట్‌ను 2003 నుంచి నడుపుతోంది. వచ్చే హైడ్రోజన్‌ను ఎక్కువగా అమోనియా తయారీకి వాడుకుంటారు. కొంత పైపులైన్ ద్వారా అక్కడి ఓ హోటల్‌కు వెళ్తుంది. 2018లో తెరిచిన ఆ హోటల్లో గెస్టులు వాడి పడేసిన టూత్‌బ్రష్‌లు, దువ్వెనలు కూడా మళ్లీ ఈ ప్లాంట్‌కే పోతాయి. కార్బన్ డయాక్సైడ్‌నూ వదలరు, డ్రై ఐస్‌కీ, కూల్‌డ్రింకుల గ్యాస్‌కీ అమ్ముకుంటారు.

అయితే అది చిన్న కంపెనీ కాదు, పెద్ద కెమికల్ కంపెనీ. పక్కనే సొంత అమోనియా ప్లాంట్ ఉంది, అంటే కస్టమర్ ఇంట్లోనే ఉన్నట్టు. పైగా జపాన్‌లో ప్యాకేజింగ్ రీసైక్లింగ్ చట్టం ఉంది, చెత్త తీసుకున్నందుకు ప్లాంట్‌కే ఎదురు డబ్బులిస్తారు. మన దగ్గర లెక్క ఉల్టా.

షేర్ హోల్డర్ల కథ వేరే

ఇప్పుడు పవర్‌హౌస్ ఎనర్జీకి వద్దాం. లండన్‌లో చిన్న కంపెనీల కోసం ఉన్న ఎయిమ్ మార్కెట్లో లిస్టయిన కంపెనీ ఇది. ఇంగ్లండ్‌లోని చెషైర్‌లో, ప్రోటోస్ అనే చోట మొదటి ప్లాంట్ కడతామని చెప్పింది. 2019లో ప్లానింగ్ అనుమతి కూడా వచ్చింది. హైడ్రోజన్ పేరు చెప్తే చాలు షేర్లు ఎగిరిపోయిన రోజులవి. 2021 మొదట్లో షేర్ ధర పది పెన్నీలు దాటింది. 2023 చివరికి ఒక పెన్నీ కన్నా కిందికి వచ్చేసింది. అప్పుడు లక్ష పెట్టినవాళ్ల చేతిలో పదివేలు కూడా మిగల్లేదన్నమాట. ప్రోటోస్ ప్లాంట్ మాత్రం అప్పటికీ లేవలేదు.

ఇందులో మోసం ఉందని నేననడం లేదు. రసాయన శాస్త్రం కరెక్టే, అనుమతులూ కరెక్టే. కానీ ప్లాంట్ కట్టడానికి కోట్ల పౌండ్లు కావాలి, ఆ డబ్బు పెట్టే పెద్ద పార్టనర్ కావాలి, హైడ్రోజన్ కొనేవాడు కావాలి. మూడూ ఒకే టైముకు కుదరాలి. అవి కుదిరేదాకా చిన్న కంపెనీ జీతాలిచ్చుకోవడానికి కొత్త షేర్లు అమ్ముతూ పోతుంది. ప్రతిసారీ పాతవాళ్ల వాటా పలచబడుతుంది, మజ్జిగలో నీళ్లు పోసినట్టు.

మోసం ఎలా ఉంటుందో చూడాలంటే అమెరికా వైపు చూడండి. హైడ్రోజన్ ట్రక్కుల కంపెనీ నికోలా 2018లో రిలీజ్ చేసిన వీడియోలో ట్రక్కు రోడ్డు మీద దూసుకుపోతుంటుంది. తర్వాత తేలిందేంటంటే, దాన్ని ఏటవాలు రోడ్డు మీద జారవిడిచి షూట్ చేశారు! 2025 ఫిబ్రవరిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది.

చిత్తూరు జిల్లాలో ప్లాంట్ పెడితే?

ఊరికే ఊహించుకుందాం. రోజుకు 25 టన్నులు కావాలి. అర లీటర్ పాల కవర్ మూడు గ్రాములనుకుంటే, 83 లక్షల కవర్లు. రోజూ! పండగైనా, వానైనా.

సరే, అన్ని రకాల ప్లాస్టిక్ కలిపేద్దాం అంటారా? అక్కడే చిక్కు. నీళ్ల బాటిల్ పెట్ ప్లాస్టిక్, అందులో హైడ్రోజన్ నాలుగు శాతమే. పైగా దాన్ని పాత సామాన్లవాళ్లు డబ్బిచ్చి కొంటున్నారు, మీ ప్లాంట్ అంతకన్నా ఎక్కువ ఇవ్వాలి. పీవీసీ పైపులు వేస్తే బరువులో సగానికి పైగా క్లోరిన్, అది యాసిడ్‌గా మారి మెషిన్లను తినేస్తుంది. పాత ఫోన్లు, టీవీల బాడీల్లో మంటలంటుకోకుండా కలిపే బ్రోమిన్ కెమికల్స్ ఉండొచ్చు. శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ షియోమీ ఫోన్లు చేసిన ప్రాంతం, తిరుపతిలో డిక్సన్ టీవీలు చేసే ప్రాంతం మనది, ఆ స్క్రాప్ అంతా నేరుగా పోసేయొచ్చు అనుకుంటే కుదరదు. పలమనేరు వైపు టమాటా తోటల్లో వాడే మల్చింగ్ షీట్ మంచి పాలిథినే, కానీ తీసేటప్పుడు షీట్ కన్నా మట్టే ఎక్కువ వస్తుంది. చివరికి ఎవరికీ అక్కర్లేక మిగిలేది చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాషేలు. వాటినీ సిమెంట్ ఫ్యాక్టరీల కొలిమిలో బొగ్గుతో పాటు కాల్చుకోవచ్చు, కడప జిల్లాలో ఆ ఫ్యాక్టరీలకు కొదవ లేదు.

ఇంకో పెద్ద దెబ్బ ఉంది, దీని గురించి ఆ వీడియోల్లో ఎవరూ మాట్లాడరు. మన దేశంలో గ్రీన్ హైడ్రోజన్ అంటే ఏంటో కేంద్రం 2023 ఆగస్టులో తేల్చి చెప్పింది. కిలో హైడ్రోజన్‌కు 2 కిలోల కార్బన్ డయాక్సైడ్ దాటకూడదు, కరెంటుతో నీటిని విడగొట్టి గానీ, బయోమాస్ నుంచి గానీ తయారు చేయాలి. పాలిథిన్ నుంచి తీస్తే, సిద్ధాంతం ప్రకారం ఎంత బాగా చేసినా కిలోకి 7 కిలోలకు పైగా వస్తుంది. ప్లాస్టిక్ పుట్టిందే పెట్రోలియంలోంచి మరి. కాబట్టి 19,744 కోట్ల నేషనల్ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ ప్రోత్సాహకాలు దీనికి వస్తాయని ఎవరైనా చెప్తే, ఆ నిర్వచనం చూపించి అడగండి. పోటీ సంగతి సరేసరి. అనకాపల్లి జిల్లా పూడిమడకలో 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగిన ఎన్టీపీసీ గ్రీన్ హబ్ టార్గెట్ రోజుకు 1500 టన్నులు. మన ఊహా ప్లాంట్‌ది 2 టన్నులు.

హైడ్రోజన్‌లో తిరుపతి పేరు లేదా అంటే, ఉంది. 1985లో ఇక్కడ పుట్టిన అమరరాజా గ్రూపులోని ఇన్‌ఫ్రా కంపెనీ, లేహ్‌లో ఎన్టీపీసీకి హైడ్రోజన్ ఫిల్లింగ్ స్టేషన్ కట్టింది. రోజుకు 80 కిలోలు, 3,400 మీటర్ల ఎత్తులో, అదీ ప్లాస్టిక్‌తో కాదు, సోలార్ కరెంటుతో. ఒక్క మాట: స్టాక్ మార్కెట్లో లిస్టయిన బ్యాటరీల కంపెనీ వేరు, ఇది వేరు. ఆ షేర్ కొంటే ఇది కొన్నట్టు కాదు.

డబ్బు అడిగితే ఏం చూడాలి?

ఇంకా అమ్మకాలే లేని కంపెనీ "త్వరలో ఎస్ఎంఈ ఐపీఓ" అంటే నవ్వుకోండి. సెబీ మార్చిన రూల్ ప్రకారం గత మూడేళ్లలో కనీసం రెండేళ్లు కోటి రూపాయల ఆపరేటింగ్ ప్రాఫిట్ చూపించాలి. ప్లాంటే లేనివాళ్లకు ఆ లాభం ఎక్కడిది?

అన్‌లిస్టెడ్ షేర్లు ఇస్తామంటే, కంపెనీల చట్టం సెక్షన్ 42 గుర్తుంచుకోండి. ప్రైవేటుగా షేర్లు ఆఫర్ చేసేది ఏడాదికి 200 మందికి మించకూడదు, ప్రకటనలు ఇవ్వకూడదు. వెయ్యి మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో లింక్ పెట్టారంటేనే ఆ గీత దాటినట్టు. ఇక "నెలకు ఇంత శాతం గ్యారంటీ" అంటే అది షేరే కాదు, డిపాజిట్. అనుమతి లేని డిపాజిట్లను 2019 చట్టం నేరుగా నిషేధించింది. అగ్రిగోల్డ్ బాండ్లు ఇంకా బీరువాలో పెట్టుకున్న ఇళ్లు మన జిల్లాలో తక్కువేం కాదు, వాళ్లనడిగితే ఈ చట్టం ఎందుకొచ్చిందో చెప్తారు.

కంపెనీ నిజంగా ఏం చేస్తోందో చూడాలంటే, దాని రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి ఎంసీఏ వెబ్‌సైట్‌లో వంద రూపాయలు కట్టండి, ఫైల్ చేసిన బ్యాలెన్స్ షీట్లు కనిపిస్తాయి. అందులో మెషినరీ అనే లైన్ వెతకండి. కోట్ల ప్లాంట్ నడుస్తోందని చెప్పేవాళ్ల బ్యాలెన్స్ షీట్‌లో రెండు ల్యాప్‌టాపులు, ఒక కారు మాత్రమే ఉంటే, మీకు కావాల్సిన రివ్యూ వచ్చేసినట్టే. ఉన్నాయా, ప్లాంట్ కూడా కనిపిస్తోందా? అయితే తర్వాతి ప్రశ్న: హైడ్రోజన్ కొంటామని సంతకం పెట్టింది ఎవరు, కిలో ఎంతకి, ఎన్నేళ్లకి? ఆ అగ్రిమెంట్ కాగితం చూపించమనండి.