అపరాహ్ణ భాస్కరులు

2025 డిసెంబరు 13వ తేదీన లయొనెల్ మెస్సీ హైదరాబాదునందలి ఉప్పల్ మైదానమునకు విచ్చేసెను. ముప్పదియెనిమిదేండ్ల ఆ అర్జెంటీనా వీరుని చూడ జనము విరుగబడినది. అది పోటీ కాదు. కొంతసేపు బంతిని తన్ని, చేతులూపి, వెడలిపోయెను. అదే సంవత్సరమున, ఆ నగరము పేరు ధరించి ఒకప్పుడు దేశమున విజేతయైన హైదరాబాద్ ఎఫ్.సి. జట్టు ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అను క్రొత్త పేరు దాల్చినది. ఈ రెండవ వార్త ఎందరి కంటబడినదో!

వయసు మళ్ళిన మహాక్రీడాకారుని రప్పించి క్రొత్త దేశమునకు ఫుట్‌బాల్ రుచి చూపుట నేటి ఉపాయము కాదు. 1975లో న్యూయార్క్ కాస్మాస్ జట్టున చేరునాటికి పేలేకు ముప్పదినాలుగేండ్లు. ఆయన వెంట బెకెన్‌బవర్ వంటివారు వచ్చిరి. 1977 ఆగస్టులో ఒక్క ఆటకే డెబ్బదియేడువేలకు పైగా జనము కూడిరి. ఆ యేడే పేలే విరమించెను; ఆ లీగు 1984తో ముగిసెను. అయినను నాడు చూచిన బాలురు ఆ రుచి మరువలేదు కాబోలు, 1994లో ప్రపంచకప్పు పోటీలకు అమెరికా వేదికయైనది, 1996లో మరియొక లీగు మొదలైనది. 2023లో మెస్సీ చేరినది ఈ లీగునందే.

పేలే కలకత్తాకును వచ్చెను. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో కాస్మాస్, మోహన్ బగాన్ జట్లు చెరి రెండు గోళ్ళతో సమముగా నిలిచినవి. బగాన్ పక్షమున గోలు చేసిన ఇద్దరిలో ఒకరు మహమ్మద్ హబీబ్, మన హైదరాబాదు బిడ్డ. ఈ సంగతి చెప్పు పాఠ్యపుస్తకము నా కంటబడలేదు.

2014లో ఇండియన్ సూపర్ లీగు ఆరంభమైనప్పుడును అదే ఉపాయము పన్నిరి. డెల్ పియెరోకు పోటీల నడుమనే నలువదేండ్లు నిండినవి. ఫ్రాన్సు దేశీయుడు పిరెస్ గోవాకు, నలువదినాలుగేండ్ల డేవిడ్ జేమ్స్ కేరళకు ఆడిరి. కాని ఆ తొలియేటి తుదిపోటీలో, ఆట ముగియు క్షణములందు తలతో గోలు చేసి కలకత్తాను గెలిపించినవాడు మహమ్మద్ రఫీక్ అను బెంగాలు యువకుడు!

హైదరాబాద్ ఎఫ్.సి. 2019లో పుట్టినది. 2021-22లో దాని పక్షమున నైజీరియా వీరుడు ఒగ్బెచె ముప్పదియేడేండ్ల వయసున పదునెనిమిది గోళ్ళు చేసి లీగునందరిలో మొదటివాడయ్యెను. 2022 మార్చి 20న జట్టు కేరళను పెనాల్టీలతో ఓడించి కప్పు గెలిచెను. తుదిపోటీలో గోలు చేసి ఆటను సమము చేసిన తవోరా, పెనాల్టీలనాపిన కట్టిమణి, ఇరువురును గోవావారే. మహమ్మారి కారణమున ఆ యేటి ఆటలన్నియు గోవాలోనే జరిగినవి. హైదరాబాదు జనమునకు ఆ యేడు జట్టు గెలుపును సొంత మైదానమున చూచు భాగ్యము కలుగలేదు. వేరుపట్టని మొక్కను పెల్లగించుట ఎంతపని?

వేరుపట్టిన కాలమొకటి ఆ నగరమునకు లేకపోలేదు. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచే బడిపంతులు. కాచిగూడ బడిలో పాఠము చెప్పినవాడు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పు గెలిచెను. ఆయన నడపిన భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము పొందెను. అందు హైదరాబాదువారు పలువురుండిరి. క్యాన్సరు క్రుంగదీయుచుండగనే 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణము తెచ్చి, మరుసటి యేడు కన్నుమూసెను.

పరదేశపు వీరులను నేను కాదనను. వారిని చూచిన బాలునికి బంతిపై మనసు పోవును. ఆ మరునాటి ఉదయము వానికి బంతినిచ్చి నేర్పువాడెవడన్నదే నా ప్రశ్న. అరకు, పాడేరు ప్రాంతపు ఆశ్రమ పాఠశాలలకు మెస్సీని రప్పించుట ఎవరి తరము? రహీం మార్గమునకు ఒక బంతి, ఒక ఈల, కొంత చదునైన నేల చాలును. కొండలలో ఆ చివరిదే కరవు. కాని వరికోతలైన పిమ్మట లోయలోని మళ్ళు ఖాళీయే కదా! బంతిని తానొక్కడే లాగుకొని పోరాదు, తోటివానికి అందింపవలయునను నియమముతో ఆయన పోటీలు పెట్టెను. వాలుగాని కాలితోనే ఆడవలసిన పోటీలును నడపెను. కుడికాలి పిల్లవాడు మొదటి దినములందు ఎడమకాలితో గాలిని తన్ని పడుచుండును, తోటివారు నవ్వుచుందురు. పంతులు మాత్రము మరల బంతిని వాని ఎడమ ప్రక్కనే పెట్టవలయును.