ఎనిమిది చెక్కల ఘనం

కిండర్‌గార్టెన్ బడులకు మూలపురుషుడైన ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్ అంతకుముందు రాళ్లతో పనిచేశారు. 1814లో బెర్లిన్‌లో స్ఫటికశాస్త్రవేత్త క్రిస్టియన్ వైస్ దగ్గర సహాయకుడిగా చేరి, ఖనిజాల మ్యూజియంలో స్ఫటికాలను వేరుచేసి సర్దేవారు. స్ఫటికాల్లోని ఆ కచ్చితమైన కొలత, 1837 తర్వాత బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో ఆయన పిల్లల కోసం చేయించిన చెక్క దిమ్మల్లో కనిపిస్తుంది. వాటికి ఆయన కానుకలని పేరుపెట్టి, వరస నంబర్లిచ్చారు.

మూడో కానుక రెండంగుళాల ఘనం. మూడు దిక్కులా నడిమికి ఒక్కో కోత పెడితే ఎనిమిది చిన్న ఘనాలు. నాలుగో కానుకా అంతే ఘనం, అందులోనూ ఎనిమిది ముక్కలే. కోత మాత్రం వేరు: ఇవి ఇటుకలు, రెండంగుళాల పొడవు, అంగుళం వెడల్పు, అరంగుళం మందం. పెట్టె బోర్లించి, మూత లాగి, పెట్టెను పైకెత్తితే ఘనం చెక్కుచెదరకుండా నిలబడాలి. కట్టేటప్పుడు ఒక్క ముక్కా మిగలకూడదు. ఆట ముగిశాక మళ్లీ ఘనం చేస్తేనే పెట్టెలో పడుతుంది.

ఇప్పుడు ఒక చిన్న ఘనం, ఒక ఇటుక పక్కపక్కన పెట్టండి. ఇటుకే పెద్దదంటారు పిల్లలు. త్రాసులో వేస్తే సమం! పొడవు రెట్టింపైతే మందం సగమైంది. రెండిటిలోనూ ఉన్నది ఒక ఘనపుటంగుళం చెక్కే. ఈ సంగతి మాటలతో చెబితే చిన్నపిల్లలకు ఎక్కదు, చేతికిస్తే ఎక్కుతుంది.

అయిదో కానుకలో కొన్ని ఘనాలను మూల నుంచి మూలకు కోశారు. అలాంటి నాలుగు సగాలను లంబకోణాలు నడుమ కలిసేలా పేర్చితే, ఆ ముక్క కర్ణం మీద నిలిచే చదరం తయారవుతుంది. నాలుగు సగాలంటే రెండు ఘనాలు. రెండు భుజాల మీదా ఒక్కో ఘనం. ఈ త్రిభుజం వరకు పైథాగరస్ సిద్ధాంతం బల్ల మీదే తేలిపోయింది.

ఇంత మంచి ఆటను ప్రష్యా ప్రభుత్వం ఓర్వలేకపోయింది. నాస్తికత్వం నేర్పుతున్నారంటూ 1851లో కిండర్‌గార్టెన్లను నిషేధించింది. మరుసటి ఏడే ఫ్రోబెల్ కన్నుమూశారు. 1860లో నిషేధం తొలగింది.

ఫ్రోబెల్ కానుకల్లోని చిన్న ముక్కలు బల్ల మీది ఆటకే సరిపోయేవి. న్యూయార్క్‌లో 1914లో బడి పెట్టిన కరోలిన్ ప్రాట్, పిల్లలు నేల మీద ఊళ్లే కట్టుకునేలా దిమ్మల్ని పెంచారు. పొడవాటివి అయిపోతే రెండు పొట్టివి కలిపితే సరి. భిన్నాలు అలా మొదలవుతాయి. ఆమె పేటెంట్ తీసుకోలేదు. ఏ వడ్రంగి అయినా చేయొచ్చు: మూల దిమ్మ అయిదున్నర అంగుళాల పొడవు, అందులో సగం వెడల్పు, వెడల్పులో సగం మందం.