వివరాలన్నీ చెప్పాడని కంపెనీ మనిషి అనుకోవద్దు

దుబాయ్ సోనాపూర్ క్యాంపులో ఉండే ఒక తమ్ముడికి ఆదివారం పొద్దున్నే ఫోన్ వచ్చింది. కంపెనీ హెచ్ఆర్ అన్నారు, జీతం ఆగిందన్నారు, మెసేజ్‌లో వచ్చిన నంబరు చెప్పమన్నారు. పాస్‌పోర్టు నంబరు, బేసిక్ జీతం తప్పు లేకుండా చదివారు. ఇంటిపేరుతో సహా పిలిచారట. "అన్నా, నా ఇంటిపేరు ఫోర్‌మెన్‌కే తెలీదు. వాడికి తెలిసిందంటే కంపెనీ మనిషే అనుకున్నా" అన్నాడు నాతో. ఓటీపీ చెప్పేశాడు. ఆ నెల ఇంటికి డబ్బు పోలేదు.

ఇలాంటి వివరాలు జిరాక్స్ షాపు నుంచీ పోవచ్చు, ఏజెంటు ఫోన్ నుంచీ పోవచ్చు. కానీ వేలమందివి ఒక్కసారిగా పోయేది కంపెనీ కంప్యూటర్ల నుంచే.

పెద్ద కంపెనీలు చాలా వరకు జీతాలు, హాజరు, పాస్‌పోర్టు కాపీలు అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో పెడతాయి. అలాంటిదే ఒరాకిల్ వారి ఈ-బిజినెస్ సూట్. పాస్‌వర్డ్ లేకుండానే బయటినుంచి లోపలికి దూరగలిగే లోపం అందులో ఉందని 2025 అక్టోబర్ 4న ఒరాకిల్ హెచ్చరించి, మరమ్మతు ఇచ్చింది. దాన్నే ప్యాచ్ అంటారు. అప్పటికే ఆలస్యమైంది. ఆగస్టు నాటికే దొంగలు దూరారని గూగుల్ పరిశోధకులు చెప్పారు. అమెరికాలో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ఒక్కదానిలోనే దాదాపు 10 వేలమంది ఉద్యోగుల, మాజీ ఉద్యోగుల, కాంట్రాక్టర్ల వివరాలు పోయాయి. వాటిలో బ్యాంకు ఖాతా నంబర్లూ ఉన్నాయి. మాజీ ఉద్యోగులవి కూడా అన్నది గమనించండి. మీరు ఎప్పుడో వదిలేసిన కంపెనీలోనూ మీ కాగితాలు ఉంటాయి.

ప్యాచ్ వేయడం కంపెనీ పని. అది వేశాక ఆగకూడదు. అంతకుముందే ఎవరైనా దూరారా అని వెతకాలి, దూరితే పనివాళ్లకు చెప్పాలి. తాళం మార్చినంత మాత్రాన పోయిన సామాను వెనక్కి రాదు కదా. మీ కంపెనీలో ఇలాంటి మాట వినబడితే నలుగురూ కలిసి హెచ్ఆర్‌ని అడగండి: మా వివరాల్లో ఏవి పోయాయి? జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

ఫోన్ వస్తే మాత్రం కట్ చేసి, కార్డు వెనక ఉన్న నంబరుకి మీరే చేయండి. పొరపాటున ఓటీపీ చెప్పేస్తే ముందు కార్డు బ్లాక్ చేయించండి, తర్వాత పోలీసులకు చెప్పండి. సిగ్గుపడి మెసేజ్‌లు చెరిపేయొద్దు, అవే సాక్ష్యం.

ఇంకోటి. లెక్కలు చదువుకున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా. "సిస్టం డౌన్, ఓటీ రికార్డు పోయింది" అని ఎవరైనా అంటే మీ గంటలు మీ దగ్గర ఉండాలి. రోజూ నోటుబుక్కులో తేదీ, గంటలు రాయండి. జీతం మెసేజ్‌లు దాచండి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. కంప్యూటర్ చెడిపోతే జీతం బాకీ రద్దయిపోదు.

ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లకు కంపెనీ ఉండదు కానీ ఏజెన్సీ ఉంటుంది, దాని కంప్యూటర్ ఉంటుంది. వీసా పేరుతో ఎవరు ఫోన్ చేసినా పాస్‌పోర్టు ఫొటో వాట్సాప్‌లో పంపకండి. యూఏఈలో ఉన్నవాళ్లు భారత ప్రభుత్వ సహాయ కేంద్రానికి 800 46342 మీద ఉచితంగా ఫోన్ చేసి అడగొచ్చు.