పూజలో పెట్టిన కత్తి చట్టానికి ఆయుధమేనా?

ఆయుధ పూజ నాడు మన ఇళ్లలో కత్తిపీట మొదలు లారీ దాకా అన్నిటికీ పసుపు, కుంకుమ పెడతాం. హోసూరులోనైనా, బళ్లారిలోనైనా ఆ రోజుకు ఆయుధమంటే మనకు అన్నం పెట్టే పనిముట్టు. చట్టం అలా చూడదు. పాలెగాళ్ల కాలం నాటి కత్తిని అటక మీద దాచుకున్న కుటుంబాలు మనలో ఉన్నాయి కాబట్టి ఈ తేడా తెలిసి ఉండాలి.

1959 నాటి ఆయుధాల చట్టం ఇంటి పనికి, సేద్యానికి మాత్రమే చేసిన వస్తువులను, చేతికర్రను ఆయుధాలుగా లెక్కించదు. 2016 నిబంధనల జాబితాలో మాత్రం యుద్ధపు కత్తులు, బాకులు, ఈటెలతో పాటు 9 అంగుళాల కన్నా పొడవైన, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పైన అలుగు ఉన్న మారణాయుధాలు ఉన్నాయి. అందుకే టెంకాయలు కొట్టే కత్తికి లేని చిక్కు తాతగారి కత్తికి ఉంది. (అదే కొడవలితో ఎవరినైనా గాయపరిస్తే అది ప్రమాదకర ఆయుధమే, అప్పుడు వర్తించేది భారతీయ న్యాయ సంహిత.)

అలాగని ఇంట్లో పాత కత్తి ఉంటేనే నేరం కాదు. సెక్షన్ 4 ప్రకారం, కేంద్రం గెజెట్‌లో ప్రకటించిన ప్రాంతాల్లో, ప్రకటించిన రకాలకే లైసెన్సు కావాలి. మీ ఊరు ఆ పరిధిలోకి వస్తుందో లేదో జిల్లాలో ఆయుధాల లైసెన్సులు చూసే కార్యాలయంలో అడగండి. ఫొటో వాట్సాప్‌లో పెట్టడానికి ముందే అడగడం మంచిదని మా మాట.

తుపాకీ విషయంలో ఇంత వెసులుబాటు లేదు. తుప్పు పట్టిన నాటు తుపాకీకైనా, బాగుచేసినా పేలదు అన్న స్థితిలో ఉంటేనే సెక్షన్ 45 మినహాయింపు. కొడగులో కొడవలకు, జమ్మా భూముల హక్కుదారులకు కొన్ని రకాల తుపాకులపై 2029 దాకా ఇచ్చిన మినహాయింపు పక్కింటి తెలుగువారికి వర్తించదు.

ఇంగ్లీషులో 'ఆర్మ్స్' అంటే వంశ చిహ్నం కూడా. యూరప్ యోధులు డాలు మీద వేసుకున్న గుర్తుల నుంచి ఆ అర్థం వచ్చింది. మనం దాన్ని లాంఛనం అంటాం, ఆయుధంతో కలపం. విజయనగర రాజులది వరాహ లాంఛనం. కర్ణాటక రాజముద్రలో గండభేరుండం ఉన్నది మాత్రం డాలు మీదే.

వరాహాన్ని మన సంఘాలు లెటర్‌హెడ్ మీద వేసుకోవచ్చు. నాలుగు సింహాల జాతీయ చిహ్నాన్ని అనుమతి లేకుండా వేసుకోకూడదు. 2005 చట్టం కింద రెండేళ్ల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.