వాటర్ కూలర్ పంపు నీరసించిందా? మార్చే ముందు ఇవి చూడండి

రాజమండ్రి, భీమవరం, అమలాపురం లాంటి ఊళ్లలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే కుర్రాళ్లు కొందరు వాటర్ కూలింగ్ ఉన్న కంప్యూటర్లు పెట్టుకుంటున్నారు. కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. తర్వాత ఓ రోజు నిఖా వీడియో రెండర్‌కు పెట్టగానే సిస్టం నత్తనడక మొదలెడుతుంది, లేదా మధ్యలో ఆగిపోతుంది. షాపుకు తీసుకెళ్తే 'పంపు పోయింది, కూలర్ మొత్తం మార్చాలి' అనే మాట రావచ్చు. అంటే వేలల్లో ఖర్చు. పంపు నిజంగానే పోయి ఉండొచ్చు. పోకుండా నీరసించి కూడా ఉండొచ్చు. అది తేల్చుకోవడానికి ఇంట్లో ఓ గంట చాలు.

పొలం మోటారు ఉన్న ఇళ్లలో ఈ లెక్క తెలిసిందే. మోటారు తిరుగుతున్నా నీళ్లు రాకపోతే ఎవరూ వెంటనే కొత్త మోటారు కొనరు. ఎయిర్ పట్టిందేమోనని నీళ్లు పోస్తారు, ఫుట్‌వాల్వులో చెత్త ఇరుక్కుందేమో చూస్తారు. కంప్యూటర్‌లో ఉండేదీ ఆ జాతి పంపే. రెడీమేడ్ కూలర్లలో ఎక్కువగా ప్రాసెసర్ మీద కూర్చున్న డబ్బాలోనే ఉంటుంది. ప్రాసెసర్ వేడిని అందుకున్న నీటిని ఒక గొట్టంలో రేడియేటర్‌కు పంపి, చల్లారాక రెండో గొట్టంలో వెనక్కి తెస్తుంది. ఒక్క తేడా ఉంది. ఊళ్లో లో వోల్టేజీ వస్తే పొలం మోటారు మూలుగుతుంది గానీ ఈ పంపుకు ఆ బాధ లేదు. దీనికి కరెంటు ఎస్ఎంపీఎస్ నుంచి 12 వోల్టుల డీసీగా వస్తుంది.

ఏదైనా ముట్టుకునే ముందు పెళ్లి ఫుటేజీని వేరే హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోండి. కూలర్ మళ్లీ కొనుక్కోవచ్చు, నిఖా మళ్లీ తీయలేరు.

ఇప్పుడు హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి, రెండర్ పెట్టి, ప్రాసెసర్ టెంపరేచర్ ఎలా పెరుగుతోందో గమనించండి. ఎంత పెరిగిందన్న దానికన్నా ఎంతసేపట్లో పెరిగిందన్నదే అసలు సంగతి. కొన్ని సెకన్లలోనే 95, 100 డిగ్రీలకు ఎగబాకితే నీళ్లు కదలడం లేదని అనుమానించాలి, లేదా ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య థర్మల్ పేస్టు ఎండిపోయిందని. పది ఇరవై నిమిషాల్లో మెల్లగా ఎక్కితే పంపు బాగానే ఉన్నట్టు, రేడియేటర్‌కు దుమ్ము పట్టిందేమో చూడాలి. ఏఎండీ రైజెన్ 7000 వరసలోని కొన్ని ప్రాసెసర్లు మాత్రం పూర్తి లోడు మీద 95 వరకు వెళ్లేలా కంపెనీయే తయారుచేసింది. వాటిని చూసి కంగారు పడొద్దు.

ఎండాకాలం లెక్క కూడా వేసుకోవాలి. మే నెలలో రాజమండ్రి ఎండ సంగతి చెప్పక్కర్లేదు. ఏ వాటర్ కూలరూ నీటిని గది వేడి కన్నా చల్లగా చేయలేదు. గది 10 డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే పెరుగుతుంది. సంక్రాంతికి చూసిన అంకెను మేలో చూసిన అంకెతో పోల్చి పంపును తిట్టడం న్యాయం కాదు.

తర్వాత బయోస్‌లోకి వెళ్లండి. పంపు వైరును మామూలు ఫ్యాన్ పిన్నుకు తగిలిస్తే, ఫ్యాన్‌లాగే దాని వేగాన్నీ బోర్డు తగ్గించేస్తుంది. ఆ పిన్నును ఫుల్ స్పీడ్‌లో పెడితే కొన్నిసార్లు సమస్య అక్కడితో సరి. ఒక రూపాయి ఖర్చు లేదు. అలాగని ఆర్‌పీఎం అంకె ఒక్కటీ చూసి నమ్మేయకూడదు. లోపలి రెక్క తిరుగుతున్నట్టు చూపిస్తుంది గానీ నీళ్లు కదిలినట్టు కాదు.

దానికి చేతి పరీక్ష ఉంది. ఓ పావుగంట లోడు మీద నడిచాక, ఫ్యాన్లకు వేలు తగలకుండా జాగ్రత్తగా రెండు గొట్టాలూ పట్టుకుని చూడండి. రెండూ ఇంచుమించు ఒకేలా గోరువెచ్చగా ఉంటే నీళ్లు తిరుగుతున్నట్టే. ఒకటి కాలుతూ, రెండోది చల్లగా ఉంటే ప్రవాహం ఆగిందనో బాగా తగ్గిందనో అర్థం.

గొట్టాల గుండా ఏళ్ల తరబడి కొద్ది కొద్దిగా నీరు ఆవిరై, ఆ చోటులో గాలి చేరుతుంది. గాలి ఎప్పుడూ ఎత్తైన చోటుకే పోతుంది. రేడియేటర్‌ను క్యాబినెట్ అడుగున బిగిస్తే ఆ ఎత్తైన చోటు పంపే అవుతుంది. గుడగుడ శబ్దం వస్తుంటే ఇదే కారణం కావచ్చు. సిస్టం ఆపి, ప్లగ్గు తీసి, క్యాబినెట్‌ను నెమ్మదిగా అటూ ఇటూ వంచి, గాలిని రేడియేటర్ వైపు పంపాలి. ఆ తర్వాత రేడియేటర్ పైభాగం పంపు కన్నా ఎత్తులో ఉండేలా బిగించాలి.

ఇవన్నీ చేసినా ఫలితం లేకపోతే లోపల మడ్డి పేరుకుని సన్నటి దారులు మూసుకుపోయి ఉండొచ్చు, లేదా పంపు నిజంగానే అరిగి ఉండొచ్చు. రెడీమేడ్ కూలర్‌ను విప్పొద్దు, విప్పితే వారంటీ పోవచ్చు. విడిభాగాలతో సొంతంగా కట్టుకున్న లూప్ అయితే విప్పి కడగొచ్చు. కానీ బోరు నీళ్లు గానీ కుళాయి నీళ్లు గానీ పోయకండి. అందులోని ఉప్పు, సున్నం లోపల గారలా కడతాయి. డిస్టిల్డ్ వాటర్‌తో పాటు తుప్పు, నాచు పట్టకుండా ఉండే కూలెంట్ మందు కలపాలి.

బిల్లు ఉంటే ముందు వారంటీ అడగండి. ఐదారేళ్ల వారంటీ ఇచ్చే మోడళ్లూ ఉన్నాయి. 2022లో ఆర్కిటిక్ కంపెనీ తన లిక్విడ్ ఫ్రీజర్ 2 కూలర్లలో గాస్కెట్ లోపం ఉందని చెప్పి, మార్చుకునే కిట్టును ఉచితంగా ఇచ్చింది. వారంటీ దాటిపోయి, కొత్తది కొనక తప్పని పరిస్థితి వస్తే మంచి ఎయిర్ కూలర్ గురించి కూడా ఆలోచించండి. మామూలు ప్రాసెసర్‌కు అది సరిపోతుంది, పైగా అందులో పంపే ఉండదు. ఫ్యాన్ పోతే ఫ్యాన్ ఒక్కటే మార్చుకోవచ్చు.