స్టోరు గదిలోని పాత కంప్యూటర్లు ఎక్కడికి పోవాలి?

వార్షికోత్సవానికి సున్నాలు వేయిద్దామని స్టోరు గది తలుపు తీశాం. విరిగిన ట్రంకు పెట్టెలు, అడుగు చిల్లిపడ్డ గుండిగలు బయటికి లాగాక వాటి వెనుక నాలుగు కంప్యూటర్లు కనబడ్డాయి. లావుపాటి మానిటర్లు, పసుపు తిరిగిన కీబోర్డులు, బ్యాటరీలు ఉబ్బిపోయిన రెండు యూపీఎస్‌లు, ఒక డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు. మాలో కొందరు మౌసు పట్టుకోవడం నేర్చుకున్నది వీటి మీదే. ఒక్కొక్కరికి పది నిమిషాల వంతు, వెనుక నలుగురు నిలబడి "టైమైంది లేరా" అని భుజం గోకడం అందరికీ గుర్తే.

అందరి నోటా ఒకటే మాట వచ్చింది: పాత సామాన్ల బండికి వేసేద్దాం, వచ్చిన డబ్బుతో తమ్ముళ్ళకు క్యారమ్ బోర్డు కొందాం. చిన్నప్పుడు ఇనప ముక్కలు ఇచ్చి పీచు మిఠాయి తిన్నవాళ్ళమే కదా!

మాలో ఒకతను మాత్రం ఒప్పుకోలేదు. పదో తరగతికి ముందు రెండు వేసవి సెలవులు అతను స్క్రాపు షాపులో పని చేశాడు. ఏ ఊరి షాపో చెప్పలేదు, మేమూ అడగలేదు. "మానిటర్ వెనుక సన్నటి గొంతును ఇటుకతో కొట్టి రాగి చుట్ట తీసేవాణ్ణి. ఠప్పుమని పేలేది. వైర్లు కుప్పపోసి కాల్చేవాళ్ళం. ఆ పొగ పీల్చిన రోజు రాత్రికి అన్నం సహించేది కాదు" అన్నాడు. అతని మాట విన్నాకే ఈ విషయం గురించి చదివాం. తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

ముందుగా ఒక సంగతి. కంప్యూటర్ గదిలో ఉన్నంతకాలం ఎవరికీ హాని చేయదు. విషమంతా దాన్ని పగలగొట్టే పద్ధతిలో ఉంది. లావు మానిటర్‌లోని గాజు గొట్టంలో గాలి ఉండదు, అందుకే గొంతు విరిగితే పేలుతుంది. ఆ గాజులో సీసం కలిపి ఉంటుంది. తెర లోపల పని చేసేది 20 వేల వోల్టులకు పైమాటే. స్విచ్ తీసిన తరువాత కూడా కొంత ఛార్జి నిలిచి ఉండవచ్చు. మూత విప్పి చూద్దామని సరదా పడే తమ్ముళ్ళు ఇది గుర్తుంచుకోండి. దాని తరువాత వచ్చిన పలుచటి మానిటర్లలో పాత రకాలకు వెనుక సన్నటి దీపాలు ఉంటాయి, వాటిలో పాదరసం ఉంటుంది. మన ట్యూబ్‌లైట్లో ఉండేదీ అదే.

వైర్ల మీది ప్లాస్టిక్ చాలావరకు పీవీసీ. దాన్ని ఆరుబయట కాలిస్తే డయాక్సిన్లనే విషాలు పుడతాయి. రాగి చేతికొస్తుంది, పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇక మదర్‌బోర్డు. పాత బోర్డుల మీది టంకంలో తగరంతోపాటు సీసం ఉంటుంది. బోర్డును పొయ్యి మీద కాల్చి చిప్పులు ఊడదీస్తారు. పిన్నులకు పూసిన సన్నటి బంగారం కోసం ఆమ్లంలో ముంచుతారు. బంగారం తీశాక ఆ ఆమ్లం పోయేది ఏ కాలువలోకో.

అంత బంగారం ఉంటుందా అని మేమూ నవ్వుకున్నాం. అమెరికా భూగర్భ సర్వే సంస్థ 2001లో లెక్క చెప్పింది: ఒక టన్ను కంప్యూటర్ స్క్రాపులో 17 టన్నుల బంగారు ఖనిజంలో దొరికేదానికంటే ఎక్కువ బంగారం ఉంటుందట. అదే 2001లో మన పక్కనున్న కోలారు గనులు గిట్టుబాటు కాక మూతపడ్డాయి. టోక్యో ఒలింపిక్స్ పతకాలు, సుమారు 5 వేలు, పాత సెల్‌ఫోన్లు, కంప్యూటర్ల వంటి వాటి నుంచి తీసిన లోహంతోనే చేశారు. 32 కిలోల బంగారం అలా వచ్చింది. కాబట్టి ఇది చెత్త అనుకోవడం మన పొరపాటు.

చైనాలో గుయియు అనే ఊరు ఉంది. ప్రపంచంలోని పాత కంప్యూటర్లెన్నో ఒకప్పుడు అక్కడికి చేరేవి. ఇంటింటా పొయ్యి మీద బోర్డులు కాల్చేవారు. ఆ ఊళ్ళో ఆరేళ్ళ లోపు పిల్లలు 165 మందికి రక్త పరీక్షలు చేసి 2007లో ఫలితాలు ప్రచురించారు. వందకు 80 మందికి పైగా పిల్లల రక్తంలో సీసం అప్పటి ప్రమాద హద్దు దాటి ఉంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలనే దెబ్బతీస్తుంది. అంటే ఇంకా బడికి పోని పిల్లల చదువును ముందే కోసేసినట్టు. మన దేశంలో ఢిల్లీలోని సీలంపూర్, ఉత్తరప్రదేశ్‌లో మురాదాబాద్ ఈ పనికి పేరుపడ్డాయి. ఆ పని చేసేవాళ్ళెవరో మేం వేరే చెప్పనక్కరలేదు. మా మిత్రుడు చెప్పాడుగా, సెలవుల్లో ఫీజు కోసం పోయిన పిల్లవాడు.

అందుకని బండి మనిషిని తప్పుపట్టకండి. వీధి వీధి తిరిగి మూలనున్న సామాను బయటికి తెచ్చేది అతనే. అతను లేకపోతే ఇవన్నీ చెరువు గట్టున తేలేవి. అతనికి రాగి ధర, ఇనుము ధర తెలుసు. మిగతాది చెప్పినవాళ్ళు లేరు. విజయవాడ ఆటోనగర్‌కు పాత లారీ పోతే బోల్టు కూడా వృథా కాదని మన దగ్గర అందరికీ తెలుసు. కానీ లారీని స్పానర్‌తో విప్పవచ్చు. బోర్డులో రాగి, తగరం, బంగారం, ప్లాస్టిక్ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. వాటిని విడదీయడానికి పొగను పట్టే యంత్రాలు, ఆమ్లాన్ని శుద్ధి చేసే ఏర్పాటు కావాలి. మన హైదరాబాద్ చర్లపల్లిలోని సీ-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈ బోర్డుల నుంచి లోహాలు తీసే పద్ధతి మీదే పని చేసింది.

చట్టం లేదా అంటే ఉంది. ఈ-వ్యర్థాలకు విడిగా నిబంధనలు 2011లో వచ్చి 2012 మే 1 నుంచి అమలయ్యాయి. 2016లో వాటిని మార్చారు. ఇప్పుడున్నవి 2022 నాటివి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నాయి. తయారుచేసిన కంపెనీయే రీసైక్లింగ్ బాధ్యత మోయాలన్నది వీటి సారం. వెయ్యి, అంతకు మించి పరికరాలు వాడే సంస్థలు పాతవాటిని రిజిస్టరైన వారికే అప్పగించాలి. మన నాలుగు కంప్యూటర్లు ఆ లెక్కలోకి రావు. నిజం చెప్పాలంటే చిక్కంతా ఇక్కడే. నాలుగు డబ్బాల కోసం హైదరాబాద్ నుంచి మధిరకు లారీ ఎవరు పంపుతారు?

మాకు తోచినది ఒకటే, పోగు చేయడం. మధిరలో హాస్టళ్ళున్నాయి, బడులున్నాయి, బ్యాంకులున్నాయి, కంప్యూటర్ సెంటర్లు, జిరాక్సు షాపులున్నాయి. బోనకల్లు, ఎర్రుపాలెం కూడా కలుపుకోవచ్చు. ప్రతిచోటా ఒక మూల ఇలాంటివి పడి ఉంటాయి. అన్నీ ఒకసారి కలిస్తే లారీకి సరిపడా అవుతాయి. అయితే ప్రభుత్వ సామాను మన ఇష్టానికి ఇవ్వడానికి లేదు. ముందు స్టాకు రిజిస్టరులో చూసి, కండెమ్ చేయించి, ఆ తరువాతే వేలం. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ ఆన్‌లైన్లో ఇలాంటి వేలాలు నడుపుతుంది. క్యారమ్ బోర్డు ఆలోచన అక్కడే ఆగిపోయింది.

యూపీఎస్ బ్యాటరీల సంగతి సులువు. వాటిలో సీసం, ఆమ్లం ఉంటాయి గనుక పాతది ఇచ్చి కొత్తది తీసుకునే అలవాటు బ్యాటరీ షాపుల్లో ఎప్పటినుంచో ఉంది. పాతవాటిని డీలర్లు వెనక్కి తీసుకోవాలని 2001లోనే నిబంధన పెట్టారు, 2022లో కొత్త నిబంధనలు వచ్చాయి. ఉబ్బిన బ్యాటరీని మాత్రం గుచ్చకండి, ఎండలో పెట్టకండి. జిరాక్సు షాపు నడిపే మిత్రులకు ఒక మాట. టోనరు పొడి చాలా మెత్తనిది, ఖాళీ కార్ట్రిడ్జిని దులిపి కాలువలో వేయవద్దు.

అన్నిటికంటే మమ్మల్ని ఉలిక్కిపడేలా చేసింది హార్డ్ డిస్కు. కంప్యూటర్ షాపున్న పూర్వ విద్యార్థి ఒకరు దాన్ని తన సిస్టమ్‌కు కలిపి చూస్తే అందులో మా బ్యాచ్ జాబితా బయటపడింది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, ఆదాయం అన్నీ ఉన్నాయి. ఎవరో ఎప్పుడో డిలీట్ చేసినవి కూడా ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తిరిగొచ్చాయి. డిలీట్ చేస్తే చెరిగిపోదని, విషయసూచిక చింపినట్టే తప్ప పుస్తకం అలాగే ఉంటుందని ఆయన చెప్పారు. ఇప్పటి కంప్యూటర్లలో ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు కూడా ఉంటాయి. అమ్మేముందు డిస్కు మొత్తం మీద సున్నాలు రాయించాలి. విండోస్‌లో క్విక్ ఫార్మాట్ కాకుండా పూర్తి ఫార్మాట్ చేస్తే ఆ పని అవుతుంది. డిస్కు పని చేయకపోతే డ్రిల్లుతో రంధ్రాలు వేయాలి. వార్డెన్ సారు అనుమతితో నాలుగు డిస్కులనూ శుభ్రం చేశాం.

ఇక మిగిలినది మీకు చెప్పాలి. నాలుగింటిలో రెండింటి ర్యామ్ తీసి మూడోదానికి పెడితే అది లేచింది! ఉచితంగా దొరికే లినక్స్ వేశాం. స్టడీ అవర్ అయ్యాక తమ్ముళ్ళు దాని మీద తెలుగు టైపింగు నేర్చుకుంటున్నారు. ఈ వ్యాసం సగం దాని మీద కొట్టినదే. మిగతా మూడూ స్టోరు గదిలోనే, బల్ల మీద, "పగలగొట్టవద్దు" అని రాసిన కాగితంతో ఉన్నాయి. యూపీఎస్‌లను వరండాలో నీడన చెక్క మీద విడిగా పెట్టాం. జాబితా రాసి వార్డెన్ సారుకు ఇచ్చాం, సారు పై ఆఫీసుకు పంపారు. కండెమ్ ఆర్డరు రావాలి. గది తాళం కామాటి అన్న దగ్గర ఉంది.

క్యారమ్ బోర్డు మాత్రం మేమే తలా కొంత వేసుకుని కొన్నాం.